చంద్రపూర్ ఎండలకు తగిన ప్రాసెసర్ ఏది? రైజెన్, ఇంటెల్ కోర్‌ల తులనాత్మక సమీక్ష

డెస్క్‌టాప్ ప్రాసెసర్ల మీద వచ్చే సమీక్షల్లో ఎక్కువ భాగం 21, 22 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే ఏసీ గదుల్లో చేసిన పరీక్షలను బట్టి రాసినవే. మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా, ఘుగ్గుస్‌లలో ఉంటున్న మనకు ఆ అంకెలు సగమే పనికొస్తాయి. మే నెలలో ఇక్కడ బయట 45 డిగ్రీలు దాటడం మామూలే. గదిలో నీళ్ల కూలర్ తిరుగుతున్నా మధ్యాహ్నం గదిలో వేడి దిగదు, రాత్రి పది దాటినా గోడలు సెగలు కక్కుతూనే ఉంటాయి. గనుల్లోనూ, కాగితం మిల్లులోనూ పనిచేసే మన తెలుగు కుటుంబాల పిల్లలు ఇంటెల్ కోర్ కొనాలా, ఏఎమ్‌డీ రైజెన్ కొనాలా అని అడిగినప్పుడు, ప్రాసెసర్ ఆటలో సెకనుకు ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) ఇస్తుందో చూడటంతో ఆగకుండా, ఆ ఫ్రేములకు ఎన్ని వాట్లు తింటుందో కూడా చూడమని చెబుతుంటాను. ఈ సమీక్షలోనూ అదే నా కొలమానం.

లెక్క తేలికైనదే. ఒక ప్రాసెసర్ పూర్తి భారం మీద గది ఉష్ణోగ్రత కంటే 50 డిగ్రీలు పైకి పోతుందనుకుందాం. 22 డిగ్రీల గదిలో అది 72 దగ్గర ఆగుతుంది; 40 డిగ్రీల గదిలో అదే ప్రాసెసర్, అదే ఫ్యాను, అదే ఆటతో 90కి చేరుతుంది. రైజెన్ 5 7600కు గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు, రైజెన్ 7 7800ఎక్స్3డీకి 89, ఇంటెల్ 12, 13, 14వ తరాల కోర్ ప్రాసెసర్లకు 100, కోర్ అల్ట్రా 200ఎస్ వరుసకు 105. పరిమితి తాకిన ప్రాసెసర్ కాలిపోదు గానీ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఏసీ గదిలోనే 90 దాటే ప్రాసెసర్‌ను మన ఊళ్లో వేసవిలో నడిపితే, డబ్బు పోసి కొన్న ఆ చివరి వేగం మనకు దక్కదు.

ఆటల సంగతి ముందు చూద్దాం. ఏఎమ్‌డీ 2022 ఏప్రిల్‌లో రైజెన్ 7 5800ఎక్స్3డీని తెచ్చినప్పటి నుంచి ఈ పోటీ తీరు మారింది. మామూలు రైజెన్‌లో ఎనిమిది కోర్ల (లెక్కలు చేసే భాగాల) చిప్‌కు 32 ఎంబీ ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ ఉంటే, దాని మీద మరో 64 ఎంబీ పొరను అతికించి 96 ఎంబీ చేశారు. ఆటల్లో ప్రాసెసర్‌కు మాటిమాటికీ అవసరమయ్యే సమాచారం ర్యామ్ దాకా వెళ్లకుండా అక్కడే దొరకడం వల్ల సగటు ఫ్రేములు పెరగడమే కాక, మధ్యమధ్య వచ్చే కుదుపులు తగ్గుతాయి. ఆడేవారికి నిజంగా తెలిసేది ఈ రెండోదే. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 7800ఎక్స్3డీ, 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీ అదే దారిలో నడిచాయి. 7800ఎక్స్3డీ చాలా ఆటల్లో 50 నుంచి 80 వాట్ల మధ్యే తిరుగుతుంది. అదే ఆటల్లో ఇంటెల్ కోర్ ఐ9-14900కే తరచుగా దానికి రెట్టింపు తిని కూడా, సగటున దాన్ని దాటలేకపోయింది. ఈ ఒక్క విషయం చాలు, మన ప్రాంతంలో ఖరీదైన గేమింగ్ డెస్క్‌టాప్ కట్టించుకునేవారు ఎటు మొగ్గాలో తేల్చడానికి.

అయితే 7800ఎక్స్3డీలో ఒక చిక్కుంది. క్యాష్ పొర కోర్ల పైన ఉండటం వల్ల కోర్ల వేడి దాన్ని దాటి ప్రాసెసర్ మీద బిగించే కూలర్‌కు చేరాలి; అందుకే తక్కువ వాట్లు తింటున్నా ఉష్ణోగ్రత మాత్రం ఎక్కువగా కనిపిస్తుంది. 9800ఎక్స్3డీలో ఆ పొరను కోర్ల కిందికి మార్చారు. కోర్లు నేరుగా కూలర్ వైపు ఉంటాయి కాబట్టి వేడి త్వరగా బయటకు పోతుంది, పరిమితి కూడా 95 డిగ్రీలకు పెరిగింది, గడియార వేగం 5.2 గిగాహెర్ట్జ్‌కు చేరింది. ఎండల దృష్టితో చూస్తే నాకు బాగా నచ్చిన మార్పు ఇదే. పెద్ద క్యాష్ వల్ల ఇంకో లాభం, ఈ ప్రాసెసర్లు ర్యామ్ వేగం మీద అంతగా ఆధారపడవు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు మండిపోతున్న ఈ రోజుల్లో సాధారణ డీడీఆర్5 ర్యామ్‌తో సరిపెట్టుకోగలగడం చిన్న విషయం కాదు.

ఇంటెల్ 13, 14వ తరాల పెద్ద ప్రాసెసర్లను ఇక్కడ కొత్తగా కొనమని నేను ఎవరికీ చెప్పను. ఐ9-14900కేకు గరిష్ఠ టర్బో శక్తి, అంటే పూర్తి వేగంలో అది తినగలిగే కరెంటు, 253 వాట్లు. దానికి గ్రాఫిక్స్ కార్డు భారం కలిపితే, మన ఇళ్లలో సాధారణంగా ఉండే 600 వీఏ యూపీఎస్, చాలావరకు 360 వాట్లు మించి మోయలేనిది, కరెంటు పోయిన క్షణంలోనే కూత పెట్టి ఆగిపోతుంది. దీనికి తోడు, ఈ రెండు తరాల్లోని శక్తివంతమైన ప్రాసెసర్లలో వోల్టేజీ అవసరానికి మించి అందడం వల్ల కాలక్రమేణా చిప్ దెబ్బతిని ఆటలు మధ్యలో ఆగిపోయే సమస్య బయటపడింది. ఇంటెల్ 2024లో దాన్ని అంగీకరించి, ఆగస్టులో 0x129, ఆ తర్వాత సెప్టెంబరులో 0x12బీ మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ నడకను సరిదిద్దే చిన్న సాఫ్ట్‌వేర్లు) విడుదల చేసి, బాక్సు ప్రాసెసర్ల వారంటీని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. ఇప్పటికే ఈ ప్రాసెసర్లు ఉన్నవారు మదర్‌బోర్డు బయాస్‌ను ఆ మైక్రోకోడ్ ఉన్న కొత్తదానికి మార్చుకోవడం తప్పనిసరి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను మాత్రం ఆ మార్పు బాగుచేయదు.

2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ వరుసలో ఇంటెల్ శక్తి వినియోగాన్ని బాగా తగ్గించింది, అది మెచ్చుకోదగ్గ మార్పే. అల్ట్రా 7 265కేలో 20 కోర్లు ఉన్నాయి. వీడియో ఎగుమతి, సాఫ్ట్‌వేర్ కంపైలింగ్ వంటి పనులకు అది దిట్ట. ఆటల్లో మాత్రం విడుదలనాటికి తన ముందు తరాన్నే స్పష్టంగా మించలేకపోయింది, పెద్ద క్యాష్ ఉన్న ఎక్స్3డీలకు బాగా వెనకబడింది.

ఇప్పుడు మనలో ఎక్కువమంది కొనగలిగే మధ్యస్థాయికి వద్దాం. ఇక్కడే నేను కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను, ఎందుకంటే పొరపాటు జరిగితే భరించలేనిది ఈ వర్గమే. ఆర్‌టీఎక్స్ 4060 స్థాయి గ్రాఫిక్స్ కార్డుతో, 1080పీ తెర మీద, గ్రాఫిక్స్ అన్నీ పైస్థాయిలో పెట్టి ఆడేవారికి చాలా ఆటల్లో ప్రాసెసర్ కంటే కార్డే అడ్డుగోడ. అటువంటప్పుడు రైజెన్ 5 7600కూ 9800ఎక్స్3డీకీ తేడా దాదాపు కనిపించదు. మిగిలిన డబ్బు కార్డు మీద పెట్టడమే తెలివైన పని. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటివి తక్కువ సెట్టింగుల్లో పెట్టి, 240 హెర్ట్జ్ తెర మీద పోటీగా ఆడేవారికి మాత్రం ప్రాసెసర్ తేడా బాగా తెలుస్తుంది.

ఈ మధ్యస్థాయిలో నా ఓటు 7600కే. 2023 జనవరిలో వచ్చింది, ఆరు కోర్లు, 12 థ్రెడ్లు, టీడీపీ (కూలర్ చల్లార్చాల్సిన వేడికి కంపెనీ ఇచ్చే అంకె) 65 వాట్లు, తెరకు బొమ్మ ఇచ్చే చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంది. దీన్ని బోర్డు మీద కూర్చోబెట్టే ఏఎమ్5 సాకెట్‌ను 2027 వరకు, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎమ్‌డీ చెప్పింది కనుక, నాలుగేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్‌కు 14వ తరంతోనే ఆ దారి మూసుకుపోయింది. 7600తో పెట్టెలో వచ్చే చిన్న ఫ్యాను చలికాలానికి సరిపోతుంది గానీ మన వేసవికి చాలదు. నిలువుగా ఉండే టవర్ కూలర్ ఒకటి అదనంగా కొనుక్కోవాలి. ఐ5-14600కే 14 కోర్లతో మిశ్రమ పనుల్లో దీన్ని దాటిపోతుంది, కాని దాని గరిష్ఠ టర్బో శక్తి 181 వాట్లు. ఆటల కోసమే దాన్ని ఎంచుకోవడంలో అర్థం లేదు.

అంత డబ్బు పెట్టలేని విద్యార్థులకు రైజెన్ 5 5600, లేదా ఇంటెల్ ఐ5-12400ఎఫ్. రెండూ ఆరు కోర్లవే, రెండూ పాత డీడీఆర్4 ర్యామ్‌తో నడుస్తాయి. ఇంట్లో ఉన్న ర్యామ్ వాడుకోవాలంటే ఇదే దారి. కాని ఈ రెంటిలోనూ లోపలి గ్రాఫిక్స్ లేదన్న సంగతి మరవకూడదు. మాకు తెలిసిన ఒక కుర్రాడికి ఒక దుకాణంవారు గ్రాఫిక్స్ కార్డు లేకుండా 12400ఎఫ్‌తో కంప్యూటర్ బిగించి పంపేశారు. ఇంటికొచ్చి స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. తండ్రి ఓవర్‌టైమ్ డబ్బులతో కొన్న వస్తువు ముందు ఆ పిల్లవాడు బిక్కమొహం వేసుకుని కూర్చోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఇంటెల్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే విడిగా కార్డు ఉండి తీరాలి.

రోజువారీ పనుల్లో ఇంటెల్‌కు నిజమైన బలం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ట్యాలీ, ఎక్సెల్, ఆన్‌లైన్ దరఖాస్తులు, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు, ఇటువంటి పనుల్లో ప్రాసెసర్ రోజులో ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుంది. 7600 వంటి రైజెన్‌లలో కోర్ల చిప్ వేరు, ఇన్‌పుట్-అవుట్‌పుట్ చిప్ వేరు కావడం వల్ల ఖాళీగా ఉన్నప్పుడు కూడా అవి ఇంటెల్ 12400 కంటే ఎక్కువ కరెంటు తింటాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంప్యూటర్ తెరిచే ఉంచే సేవాకేంద్రాలకు, దుకాణాలకు ఐ5-12400, లేదా నాలుగు కోర్ల ఐ3-12100 నిక్షేపంగా సరిపోతాయి. దానితో 16 జీబీ ర్యామ్, మంచి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉంటే, అంతకంటే పెద్ద ప్రాసెసర్ పెట్టినా ఆ పనుల్లో తేడా కంటికి ఆనదు.

పెళ్లి వీడియోలు చేసే స్టూడియోలవారికి ఇంకో ముఖ్యమైన మాట. ఇప్పటి కెమెరాలు చాలా 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ అనే, రంగుల వివరం ఎక్కువగా ఉండే వీడియో రూపంలో రికార్డు చేస్తున్నాయి. ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లోని క్విక్‌సింక్ ఆ ఫైళ్లను హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది, కాబట్టి టైమ్‌లైన్ మీద వీడియో ఆగకుండా కదులుతుంది. 7600 లోపలి గ్రాఫిక్స్‌కు ఈ సౌకర్యం లేదు. ఎడిటింగే జీవనాధారమైన వారు ‘ఎఫ్’ లేని ఐ5 గానీ, అల్ట్రా 7 265కే గానీ తీసుకోవడమే మేలు.

ఏది కొన్నా దాన్ని ఉంచే చోటు మీద శ్రద్ధ పెట్టాలి. బొగ్గు గనుల పక్కన ఉండే ఇళ్లలో క్యాబినెట్ ముందు జాలీ నెల తిరక్కుండానే నల్లబడుతుంది. గదిని చల్లబరిచే నీళ్ల కూలర్ గాలికి ఎదురుగా కంప్యూటర్‌ను పెడితే ఆ తేమకు ధూళి తోడై, హీట్‌సింక్ రెక్కల మధ్య నల్లటి బురదలా పేరుకుని ఎండిపోతుంది. బ్లోయర్‌తో కొట్టినా ఊడదు, కుంచెతో ఒక్కో సందూ గోకాలి. 5600 వంటి పాత ఏఎమ్4 సాకెట్ ప్రాసెసర్ల కూలర్ విప్పేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. వాటి పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన థర్మల్ పేస్టు పట్టుకుని ఉంటే, కూలర్‌ను పైకి లాగగానే ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడివచ్చి పిన్నులు వంగుతాయి. ముందు కంప్యూటర్‌ను కాసేపు నడిపి పేస్టు మెత్తబడ్డాక ఆపేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి, పట్టు వదిలాకే ఎత్తాలి. ఏఎమ్5లో, ఇంటెల్‌లో పిన్నులు బోర్డు వైపు ఉంటాయి కనుక ఈ భయం లేదు.

నాగ్‌పూర్‌లో కొన్నా, సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెప్పించుకున్నా, సీలు ఉన్న బాక్సు ప్రాసెసర్‌నే అడగాలి. పెట్టె లేకుండా కాస్త చవకగా ఇచ్చే ట్రే ప్రాసెసర్లకు వారంటీ అమ్మినవారి మాట మీదే ఉంటుంది; ఊరు దాటి వెళ్లి కొన్నప్పుడు ఆ మాట కోసం మళ్లీ రైలెక్కాల్సి వస్తుంది. ఏఎమ్5 బోర్డుతో కట్టించుకున్నవారు మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు కంగారు పడవద్దు. బోర్డు డీడీఆర్5 ర్యామ్‌ను సరిచూసుకునే ఆ కొద్ది నిమిషాలు తెర మీద ఏమీ రాదు. పాడైందనుకుని మధ్యలో కరెంటు తీయకుండా, యూపీఎస్‌కు కలిపి, దానంతట అది తేరుకునే దాకా వదిలేయాలి.