చీకటిని దాచని బొమ్మల పుస్తకాలు: మా పిల్లలతో చదివాక నా అభిప్రాయం

పిల్లల భయం పోగొట్టడానికని వచ్చే పుస్తకాలు చాలావరకు నాకు నచ్చవు. అట్ట మీద లేత రంగులు, నవ్వే ఎలుగుబంటి. నాలుగు పేజీలు తిప్పేసరికి ఎవరో పెద్దవాళ్ళు వచ్చి "చూశావా, ఇక్కడేం లేదు" అని తేల్చేస్తారు. మంచం కింద ఏదో ఉందని పిల్లవాడి గుండె దడదడలాడుతుంటే, ఏం లేదని చెప్పే పుస్తకం వాడికెందుకు? ఆ మాట మనం రోజూ చెబుతూనే ఉన్నాం. దానితో పని జరిగి ఉంటే పుస్తకం దాకా వచ్చేవాళ్ళమే కాదు.

నాకు కావలసింది ఆ భయాన్ని ఉన్నదున్నట్టు గీసి చూపించే పుస్తకం. చీకటి నల్లగానే ఉండాలి. తోడేలుంటే దానికి పళ్ళుండాలి. పేజీ తిప్పే చెయ్యి మాత్రం పిల్లలదే కావాలి. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు ముందుకు వెళ్ళాలో, ఎప్పుడు పుస్తకం టపీమని మూసెయ్యాలో వాళ్ళే నిర్ణయించుకోవాలి. భయపడేదాన్ని కొద్దికొద్దిగా, తమ చేతుల్లో ఉన్నంత మేరకు ఎదురుపడి చూడటం వల్లే భయం తగ్గుతుందని మానసిక వైద్యులు కూడా చెబుతారు. మంచి బొమ్మల పుస్తకం ఆ అవకాశాన్ని ఒళ్ళోకి తెచ్చిపెడుతుంది.

మా ఇంట్లో ఇద్దరు. అమ్మాయికి తొమ్మిదేళ్ళు, చిన్నాడికి ఐదు దాటింది. చిన్నాడికి చీకటంటే హడల్. రాత్రి బాత్రూంకి వెళ్ళాలంటే ఎవరో ఒకరు తోడు లేవాలి, బీరువా తలుపు సందు లేకుండా మూసి ఉండాలి. అమ్మాయిది వేరే రకం, ఎందుకో తనకే తెలియని దిగులు. వాళ్ళతో కూర్చుని చదివినవాటిలో నాకు నిలిచిపోయిన వాటి గురించి రాస్తున్నాను. అన్నీ ఇంగ్లీషు పుస్తకాలే. నేను తెలుగులో చెప్పుకుంటూ పోతాను. బొమ్మలే ఎక్కువ కాబట్టి ఇబ్బంది ఉండదు.

ముందు 'ద డార్క్'. 2013లో వచ్చింది, కథ లెమొనీ స్నికెట్, బొమ్మలు జాన్ క్లాసెన్. లాజ్లో అనే అబ్బాయికి చీకటంటే భయం. ఆ చీకటి కూడా వాడుండే ఇంట్లోనే ఉంటుంది, ఎక్కువగా కింద నేలమాళిగలో. తనే వెళ్ళి దాన్ని పలకరిస్తూ ఉంటే అది తన గదికి రాదేమోనని లాజ్లో ఆశ. అందుకని పొద్దున్నే మెట్ల పైన నిలబడి పలకరిస్తాడు. కానీ ఒక రాత్రి అది వాడి గదికి రానే వస్తుంది, నీకొకటి చూపించాలి రమ్మంటుంది. టార్చిలైటు పట్టుకుని వాడు అంత పెద్ద ఇంట్లో గది తర్వాత గది దాటుకుంటూ కిందికి దిగుతాడు. అక్కడ ఒక పాత సొరుగుల బల్ల ఉంటుంది. అన్నిటికన్నా కింది సొరుగులో ఏముందో ఇక్కడ చెప్పను. అది పిల్లలు తమంతట తాము తెరిచి చూడవలసిన సొరుగు.

క్లాసెన్ బొమ్మల్లో వెలుతురు ఎంతవరకు పడితే అంతవరకే ఇల్లు కనిపిస్తుంది. నేల పలకలు కొన్ని, ఒక తలుపు అంచు, నీలం పైజమాలో ఒక చిన్న పిల్లవాడు. మిగతా కాగితమంతా ఒట్టి నలుపు. ఆ చీకటికి కళ్ళు లేవు, చేతులు లేవు, ముఖం లేదు. ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. చీకటిని కొమ్ముల రాక్షసుడిలా గీసి ఉంటే మావాడికి ఉన్న భయానికి తోడు ఇంకోటి పట్టుకునేది. ఇక్కడ చీకటి చీకటిలాగే ఉంది. మాట్లాడుతుంది, అంతే. అదీ మర్యాదగా.

మా చిన్నాడు మొదటిసారి ఆ నల్లటి పేజీ మీద అరచెయ్యి పెట్టి, తీసి, చేతికేమైనా అంటిందా అని చూసుకున్నాడు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసేశాడు. నేనేమీ అనలేదు. మళ్ళీ వాడే తెచ్చాడు, మళ్ళీ మెట్ల దగ్గరే మూశాడు. ఇలా కొన్నాళ్ళు సాగాక కిందిదాకా వెళ్ళాడు. వెళ్ళాక వాడడిగిన ప్రశ్న నేను ఊహించనిది. "అమ్మా, అంత పెద్ద ఇంట్లో దానికి ఒక్కదానికే ఉండటం భయం వెయ్యదా?" చీకటి గురించి వాడికి జాలి కలిగింది! బాత్రూంకి ఇప్పటికీ తోడు కావాలి, కానీ గుమ్మం దాకా చాలు. బీరువా తలుపు సంగతి పట్టించుకోవడం మానేశాడు.

ఈ పుస్తకంలో ఒక లోపం. సరిగ్గా సొరుగు తెరవబోయే ముందు కథ ఆగిపోతుంది, చీకటి ఎందుకు అవసరమో వివరిస్తూ ఒక నిండు పేజీ మాటలు వస్తాయి. ఉత్కంఠ పెంచడానికే ఆపారని అనుకోవచ్చు, పెద్దవాళ్ళకి ఆ పేజీ నచ్చుతుంది కూడా. ఐదేళ్ళ పిల్లలు మాత్రం అక్కడ కుదురుగా కూర్చోరు. నేను దాన్ని రెండు ముక్కల్లో చెప్పేసి ముందుకు పోతాను.

ఇలాంటి పుస్తకానికి ప్రింటింగ్ ప్రాణం. మాకు మొదట వచ్చిన కాపీలో నలుపు వెలిసిపోయిన బూడిద రంగులో ఉంది, పేజీ అవతలి బొమ్మ ఇవతలికి కనిపిస్తోంది. చీకటి చిక్కగా లేకపోతే టార్చిలైటు వెలుగుకి విలువ లేదు. వెనక్కి పంపి మంచి కాపీ తెప్పించుకున్నాం. ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో చూపిద్దామనుకునేవాళ్ళకి కూడా అదే మాట: చాలా స్క్రీన్ల మీద నలుపు కూడా కొద్దిగా వెలుగుతూనే ఉంటుంది, ఈ బొమ్మలకి అది సరిపడదు. కాగితం మీదే చదవండి. వీలైతే గదిలో లైటు తీసేసి పిల్లల చేతికే టార్చిలైటు ఇవ్వండి. ఎక్కడ వెలుగు వెయ్యాలో వాళ్ళే చూసుకుంటారు.

రెండోది ఆంథొనీ బ్రౌన్ రాసి, బొమ్మలు కూడా వేసిన 'ద టనెల్', 1989 నాటిది. ఇప్పటిదాకా చదివినవాటిలో బొమ్మల సంపద దీనిదే. ఒక అన్న, ఒక చెల్లి. ఇద్దరికీ క్షణం పడదు. వాడికి ఆటలు, గోల. ఆ పిల్లకి పుస్తకాలు, రాత్రయితే భయం. వాడు తోడేలు ముసుగు పెట్టుకుని అర్ధరాత్రి ఆమె గదిలోకి పాక్కుంటూ వచ్చి భయపెడతాడు. ఒకరోజు వాళ్ళమ్మ విసిగిపోయి ఇద్దరినీ కలిసి ఆడుకోమని బయటికి పంపిస్తుంది. ఖాళీ స్థలంలో ఒక సొరంగం కనిపిస్తుంది. వాడు దూరిపోతాడు, తిరిగి రాడు. ఆ పిల్ల వణుకుతూనే, తడిగా జిగురుగా ఉన్న ఆ సొరంగంలోకి దూరుతుంది.

అవతల అడవి. ఆ అడవి బొమ్మల కోసమే ఈ పుస్తకం కొనుక్కోవచ్చు. మొదట మామూలు చెట్లు. ముందుకు వెళ్ళేకొద్దీ మానుల ముడతల్లో, వేళ్ళ మెలికల్లో తోడేలు, ఎలుగుబంటి, ఏవేవో ముఖాలు. మాటల్లో ఎక్కడా వాటి ప్రస్తావన ఉండదు. చూసేవాళ్ళే కనిపెట్టాలి. బ్రౌన్ బొమ్మల్లో ఎప్పుడూ ఇలాంటి దాపరికాలుంటాయి. మా అమ్మాయి ఇంకోటి పట్టుకుంది: ఆ పిల్ల వేసుకున్న టోపీ ఉన్న ఎర్ర కోటు, పడకగది గోడ మీది బొమ్మ, రెండూ తోడేలూ ఎర్ర టోపీ పిల్ల కథలోవి. అంటే ఆ పిల్ల రాత్రిళ్ళు చదివి భయపడ్డ కథల్లోకే ఇప్పుడు నడిచి వెళుతోంది. ఈ సంగతి నాకు తట్టలేదు, మా అమ్మాయి చెబితేనే చూశాను.

అడవి చివర అన్న రాయి అయిపోయి ఉంటాడు. పరిగెడుతున్న భంగిమలో అలాగే గడ్డకట్టి. ఆ పేజీ దగ్గర మా చిన్నాడు అక్క చెయ్యి పట్టుకున్నాడు, మామూలుగా వాళ్ళు పెన్సిల్ కోసం కూడా కొట్టుకునే రకం. ఆ చెల్లెలు రాయిని కావలించుకుని ఏడుస్తుంది. ఆ తర్వాతి బొమ్మల్లో రాతికి మెల్లగా రంగెక్కుతుంది, చుట్టూ ఉన్న రాళ్ళు పువ్వులవుతాయి. భయం పోయిందని ఆ పిల్ల ఎక్కడా అనదు. అన్న కోసం భయంతోనే వెళ్ళింది. ధైర్యమంటే భయం లేకపోవడం అని పిల్లలకి చెప్పే కథలు విని విని ఉన్న నాకు ఈ కథ ఎంతో నిజాయితీగా అనిపించింది.

మా అమ్మ ఈ పుస్తకం తిరగేసి "ఇవి పిల్లలకటే? రాత్రిళ్ళు జడుసుకుంటారు" అంది. ఇప్పటికీ అదే మాట మీద ఉంది. ఆవిడ భయంలో న్యాయం లేకపోలేదు. కొందరు పిల్లలు ఒక బొమ్మ చూస్తే వారం దాకా మర్చిపోలేరు. అందుకే ఏ పుస్తకమైనా ముందు నేనొక్కదాన్నే చదువుతాను. మొదటిసారి పగటిపూటే పిల్లలకిస్తాను. నిద్రకి ముందు చదివే పుస్తకం అయ్యేది, వాళ్ళకి కథ చివరిదాకా తెలిశాకే. వద్దంటే అక్కడితో ఆపేస్తాను, బతిమాలను. చీకటి బొమ్మలని బలవంతంగా చూపించడం అంటే చీకటి గదిలో పెట్టి తలుపెయ్యడమే.

మారిస్ సెండాక్ 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' గురించి చాలామందికి తెలుసు కాబట్టి తొందరగా చెప్పేస్తాను. 1963లో వచ్చింది, మరుసటి ఏడాది అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ మెడల్ తెచ్చుకుంది. మొత్తం కథ ఇంగ్లీషులో 338 మాటలు. అల్లరి చేసినందుకు అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తే, మాక్స్ అనే పిల్లవాడు రాక్షసుల దీవికి వెళ్ళి వాళ్ళకి రాజవుతాడు. ఈసారి చదివేటప్పుడు బొమ్మల సైజు గమనించండి. మొదట పేజీ మధ్యలో చిన్న బొమ్మ, చుట్టూ తెల్ల కాగితం. మాక్స్ కోపం, ఊహ పెరిగేకొద్దీ బొమ్మ పెరుగుతూ పోయి, రాక్షసుల గంతుల దగ్గరికి వచ్చేసరికి రెండు పేజీలూ నిండిపోతుంది, మాట ఒక్కటి కూడా మిగలదు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ తగ్గుతుంది. పిల్లలకి ఇది వివరించనక్కర్లేదు. ఒళ్ళోని పుస్తకం పెద్దదై చిన్నదైనట్టు వాళ్ళకే తెలుస్తుంది.

అప్పట్లో దీన్ని తప్పుపట్టినవాళ్ళలో మనస్తత్వవేత్త బ్రూనో బెటెల్‌హైమ్ కూడా ఉన్నాడు. తల్లి తిండి పెట్టకుండా పంపడం పిల్లల్లో తమని వదిలేస్తారన్న భయం రేపుతుందన్నాడు. ఆయనే 1976లో, భయంకరమైన జానపద కథలు పిల్లల మనసు ఎదగడానికి అవసరమని ఒక పుస్తకం రాశాడు. ఆ రెండో అభిప్రాయమే మా ఇంట్లో నేను చూస్తున్నదానికి సరిపోతోంది. మావాడికి ఆ రాక్షసులంటే భయం లేదు, వాళ్ళ గోళ్ళంటే తెగ ఇష్టం. వాడికి టెన్షన్ పుట్టించేది రాక్షసులు కాదు, అన్నం పెడతారా లేదా అన్నదే. చివరి పేజీలో బొమ్మ లేదు, ఒక్క వాక్యమే. అది చదివాక గట్టిగా ఊపిరి వదులుతాడు.

ఇక షాన్ టాన్ 'ద రెడ్ ట్రీ', 2001. ఇది చిన్నాడికి కాదు, ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి. నా దృష్టిలో పెద్దవాళ్ళకి కూడా. కథంటూ లేదు. ఒక అమ్మాయి నిద్ర లేస్తుంది, గదిలో నల్లటి ఆకులు రాలుతుంటాయి. వీధిలో ఆమె తల మీద ఒక బ్రహ్మాండమైన చేప తేలుతూ ఉంటుంది. ఇంకో పేజీలో సముద్రపు ఒడ్డున ఒక సీసాలో, సముద్రం అడుగుకి దిగేవాళ్ళు పెట్టుకునే లాంటి లోహపు శిరస్త్రాణం పెట్టుకుని ముడుచుకుని కూర్చుంటుంది. ఆ సీసా బొమ్మ దగ్గర మా అమ్మాయి చాలాసేపు ఆగింది. "స్కూల్లో నాకు ఇలాగే ఉంటుందమ్మా, అందరూ కనిపిస్తారు, మాటలు వినపడవు" అంది. ఎన్నిసార్లు అడిగినా చెప్పలేకపోయిన సంగతి అది. ఆ మాట పట్టుకుని వాళ్ళ టీచర్‌తో మాట్లాడగలిగాను. దాదాపు ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒక చిన్న ఎర్ర ఆకు దాగి ఉంటుంది. దాన్ని వెతకమని మీరు ముందే చెప్పకండి. పిల్లలకి అది కనిపించే క్షణం మీరు పాడుచెయ్యకూడదు. ఈ పుస్తకం పెద్ద సైజుదే తీసుకోండి, చిన్న సైజు ముద్రణలో ఆ ఆకు పోతుంది.

తాకి, విప్పి, రాసుకునే పుస్తకం కావాలంటే ఎమిలీ గ్రావెట్ 'లిటిల్ మౌసెస్ బిగ్ బుక్ ఆఫ్ ఫియర్స్' ఉంది. ఎలుక కొరికిన రంధ్రాలు, మడతలు, పిల్లలు తమ భయాలు తామే రాసుకోవడానికి చోటు ఉంటాయి. కాగితం పనితనం చాలా బాగుంది. మడతలు చినిగిపోతాయి కనుక మరీ చిన్నపిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వకండి.

అన్నీ ఒకేసారి తెచ్చి పిల్లల ముందు పోయకండి. చీకటి భయం ఒక్కటే ఉంటే 'ద డార్క్' చాలు, నాలుగేళ్ళ వయసు నుంచి పనికొస్తుంది. కోపం, అలక ఎక్కువుండే పిల్లలకి సెండాక్. మాట్లాడటం తగ్గించేసిన పెద్దపిల్లలకి 'ద రెడ్ ట్రీ', అదీ మీకు పక్కన కూర్చునే తీరిక ఉన్న రోజున. ఇంట్లో ఇద్దరుండి, ఒక్కటే తీసుకోగలిగితే 'ద టనెల్' తీసుకోండి, ఇద్దరినీ మీకు చెరోవైపు కూర్చోబెట్టుకోండి. పేజీ ఎవరు తిప్పాలో వాళ్ళే తేల్చుకుంటారు.