ఆడ్రీ హెప్‌బర్న్ సినిమాల్లో ఇవాళ ఏది చూడొచ్చు?

‘రోమన్ హాలిడే’ (1953), ‘బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్’ (1961), రెండింట్లోనూ హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్నే, కానీ ఇప్పుడు చూస్తే నా ఓటు మొదటిదానికే. అందులో హీరో గ్రెగరీ పెక్ తను విలేకరినన్న సంగతి దాచి రాకుమారిని (హెప్‌బర్న్‌ని) ఊరంతా తిప్పడం మోసమే, కాదనను, అయితే అది మోసమని సినిమాకీ తెలుసు, అందుకే అతను చివరికి ఆమె గురించిన వార్తే వదులుకుంటాడు, ఆమె తన నిర్ణయం తనే తీసుకుని వెళ్లిపోతుంది. పైగా వీధుల సీన్లన్నీ అసలు రోమ్‌లోనే తీశారు.

రెండోదాంట్లో ‘మూన్ రివర్’ పాట, ఆ నల్ల గౌను (అబ్బ!) ఇప్పటికీ సూపర్. కానీ తెల్లజాతి నటుడు మికీ రూనీకి మేకప్ వేసి జపాన్ మనిషిగా చూపించిన వెకిలి కామెడీ భరించలేం. క్లైమాక్స్‌లో హీరో ఆమెను తన సొత్తు అన్నట్టు మాట్లాడతాడు, ఆమె ఎదురు చెప్పింది సబబే, అయినా సినిమా అతని వైపే ఉంటుంది.