నలభై గ్రాముల కక్కుర్తి: రోడ్ బైక్ ట్రైనింగ్ చక్రాలు, 14 వేల కిలోమీటర్ల తర్వాత

ట్రైనింగ్ వీల్స్ అనగానే పిల్లల సైకిల్‌కి వెనక చెరో పక్కన తగిలించే బుల్లి చక్రాలు గుర్తొస్తే, ఇది వాటి గురించి కాదు. మంచి చక్రాలు రేసుకో, బ్రెవే అనే గడువు పెట్టిన దూరపు సవారీకో దాచుకుని, రోజూ పొద్దున్నే గోతుల్లో తిప్పడానికి పెట్టుకునే గట్టి జత గురించి. ముందూ వెనకా 32 స్పోకులు, త్రీ క్రాస్ అల్లిక (ఒక్కో స్పోకు మరో మూడింటిని దాటుతుంది), షిమానో 105 హబ్బులు (ఇరుసు చుట్టూ తిరిగే నడిమి భాగాలు), అల్యూమినియం రిమ్ములు, డబుల్ బటెడ్ స్పోకులు (కొసల్లో 2.0, నడుమ 1.8 మిల్లీమీటర్లు), రిమ్ముని పట్టి ఆపే రిమ్ బ్రేకు. చేత్తో కట్టించినవి. 28 మిల్లీమీటర్ల టైర్లు, వెనక 80 పీఎస్‌ఐ, తొక్కే మనిషి 84 కిలోలు. తిరిగింది ఎక్కువగా విశాఖ బీచ్ రోడ్డు మీద, రుషికొండ దాటి భీమిలి దాకా. సముద్రపు గాలి అన్న మాట ఇక్కడే గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

రిమ్ము, హబ్బు, స్పోకు గురించి చర్చలు బోలెడు. ఈ జతలో చక్రాన్ని పడగొట్టింది మాత్రం వీటిలో ఏదీ కాదు, నిపుల్. స్పోకు చివర మర మీద ఎక్కే ఆ గింజంత నట్టు. కట్టినవాళ్ళు ఇత్తడివి కాకుండా అల్యూమినియంవి వేశారు. 12 మిల్లీమీటర్ల ఇత్తడి నిపుల్ దాదాపు ఒక గ్రాము, అల్యూమినియంది అందులో మూడో వంతు. రెండు చక్రాలకి 64 నిపుల్స్, అంటే మిగిలేది నలభై గ్రాముల పైచిలుకు. బాటిల్‌లో ఒక గుక్క నీళ్ళు తాగితే తగ్గే బరువు. రేసు చక్రాలకి ఆ లెక్క వేసుకోండి, తప్పులేదు. రోజువారీ తొక్కుడు చక్రాలకి నలభై గ్రాముల కోసం కక్కుర్తి పడటం ఏమిటో!

మొదటి ఏడాదిన్నర వంక పెట్టడానికి లేదు. ఎనిమిది వేల కిలోమీటర్ల దాకా వెనక చక్రానికి బెండు తీయాల్సిన పనే పడలేదు. అడిగిన ప్రతివాళ్ళకీ "ఇవి కొని మర్చిపోండి" అని చెప్పిన రోజులవి. ఆ మాటలో "మర్చిపోండి" అన్న ముక్క ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి.

ఆ తర్వాత రుషికొండ దిగుతుండగా వెనకనుంచి టప్పుమని ఒక శబ్దం, ఆ వెంటనే బ్రేకు రబ్బరుకి రిమ్ము రాసుకుంటున్న సుయ్ సుయ్. ఆపి చూస్తే స్పోకు విరగలేదు. మర చెక్కుచెదరకుండా ఉంది, దాన్ని పట్టుకోవాల్సిన నిపుల్ తల ఊడిపోయింది. చక్రం తిప్పితే ఆ తల రిమ్ము బోలులో గలగలమంటోంది. అలాంటప్పుడు వేలాడే స్పోకుని పక్క స్పోకుకి మెలేసి కట్టేయాలి, లేకపోతే చైన్‌స్టేకి తగిలి ఫ్రేమునే గీరేస్తుంది. బ్రేకు కాలిపర్ మీది క్విక్ రిలీజ్ తెరిస్తే రబ్బర్ల మధ్య చోటు పెరుగుతుంది. 32 స్పోకుల చక్రం కాబట్టి ఒకటి పోతే రిమ్ము పక్కకి జరిగింది మూడు మిల్లీమీటర్ల లోపే, అలాగే తొక్కుకుంటూ ఇంటికి రావచ్చు. 20 స్పోకుల ఫ్యాక్టరీ చక్రమైతే ఫ్రేముకే రాసుకుని, సైకిల్ భుజానికెత్తుకోవాల్సి వచ్చేది. 32 కోసం పెట్టిన డబ్బు ఆ ఒక్క పొద్దుటే తిరిగొచ్చేసింది.

ఒక్కటే అయితే ఇంత రాయక్కర్లేదు. ఏడు వారాల్లో నాలుగు తలలు ఊడాయి. నాలుగూ వెనక చక్రంలోనే, నాలుగూ కుడివైపే, అంటే గేర్ల పక్కనే.

ఎందుకని విప్పి చూస్తే రెండు కారణాలు ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి. మొదటిది ఉప్పు. స్టెయిన్‌లెస్ స్పోకు, అల్యూమినియం నిపుల్, మధ్యలో ఉప్పు చెమ్మ. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీళ్ళలో కలిస్తే చిన్న బ్యాటరీలాంటిదే తయారవుతుంది, అందులో కరిగిపోయేది అల్యూమినియం. పైన రంగు పూత ఉన్నంతకాలం కొంత కాపాడుతుంది, ఒక్కసారి స్పోకు కీతో తిప్పగానే మూలల దగ్గర పూత లేచిపోతుంది. నిపుల్ చుట్టూ రిమ్ము కన్నం అంచున తెల్లటి పొడి కనిపిస్తే లోపల పని మొదలైందని అర్థం. ఇంటికొచ్చి మంచినీళ్ళతో కడిగితే పైపైన పోతుంది కానీ స్పోకు కన్నాల్లోంచి రిమ్ములోకి దిగిన చెమ్మ అక్కడే ఉండిపోతుంది.

రెండోది పొడవు తేడా. ఇది కట్టడంలో పొరపాటు, అల్యూమినియంని అనడానికి లేదు. రిమ్ము బోలులో ఆనుకుని కూర్చునేది నిపుల్ తల. స్పోకు లాగే బిగువంతా ఆ తల కింద మెడ మీద పడుతుంది. స్పోకు మెడ దాటి తల లోపలికి, స్క్రూడ్రైవర్ గాడి అడుగుదాకా వస్తే మెడలో ఉక్కు కడ్డీ నిండి ఉన్నట్టు, దన్ను ఉంటుంది. మెడకి ముందే ఆగిపోతే అక్కడ మిగిలేది బోలు గొట్టం. కుడివైపు పదహారు స్పోకులూ దాదాపు రెండు మిల్లీమీటర్లు పొట్టివి. ఇత్తడి అయితే ఆ పొట్టితనాన్ని చాలాకాలం ఓర్చుకునేది. ఉప్పు తిన్న అల్యూమినియం ఓర్చుకోలేదు. వెనక కుడివైపు బిగువు 110, 120 కిలోల దాకా ఉంటుంది కాబట్టి తలలు అక్కడే లేచిపోయాయి. ఎడమవైపు బిగువు అందులో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే.

ఈ రెండోదాన్ని కొనే రోజునే పట్టుకోవచ్చు. టైరు ఎక్కించకముందు రిమ్ టేపు లేపి, సెల్‌ఫోన్ లైటుతో ఒక్కో కన్నంలోకి చూడండి. గాడి అడుగున స్పోకు కొస మెరుస్తూ కనిపిస్తే సరే. బావిలోకి చూసినట్టు లోతుగా, ఖాళీగా ఉంటే తిప్పి పంపేయండి. "14 మిల్లీమీటర్ల నిపుల్ వేసేద్దాం, సరిపోతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. పొడుగు నిపుల్ పెరిగేది హబ్బు వైపు, తల దగ్గర కాదు. పొట్టి స్పోకుకి మందు సరైన పొడవు స్పోకే.

బాగుచేయడానికి పట్టినవి: రెండు మిల్లీమీటర్లు పొడుగైన స్పోకులు 16, 12 మిల్లీమీటర్ల ఇత్తడి నిపుల్స్ 32. ఎడమవైపు స్పోకుల పొడవు సరిపోయింది, అవి పాతవే. కుడి స్పోకు హబ్బులోకి దూరాలంటే కేసెట్ (వెనక గేర్ల పళ్ళచక్రాల గుత్తి) విప్పక తప్పదు. ముందు అన్ని నిపుల్సూ వాల్వు కన్నం దగ్గర మొదలుపెట్టి అరచుట్టు చొప్పున వదులు చేయాలి, రెండు మూడు రౌండ్లు. బిగువు మీదున్న స్పోకుని ఒక్కటే తీసేస్తే రిమ్ము అవతలి పక్కకి లాగేస్తుంది. తుప్పుతో పట్టేసిన నిపుల్ తిరక్కుండా స్పోకే మెలితిరుగుతుంటే, స్పోకుని ప్లయర్‌తో పట్టుకుని, తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి కాసేపు ఆగాలి. అప్పటికీ రాకపోతే కత్తిరించడమే, అదీ పక్కవి వదులు చేశాకే, కళ్ళద్దాలు పెట్టుకునే. ముప్పై రెండులో మరో ఐదింటి మెడలకి అప్పటికే చీలిక ఉంది.

ఇక్కడ చేతికి చిరాకు పుట్టించే పని ఒకటుంది. రెండు గోడల రిమ్ములో కొత్త నిపుల్‌ని కన్నం మీదికి తేవడం. జారిందా, బోలులో పడుతుంది, ఇక చక్రాన్ని ఊపి ఊపి వాల్వు కన్నంలోంచి రాబట్టాలి. తీసేసిన పాత స్పోకు ఒకటి తీసుకుని, దాని మరని నిపుల్ తలవైపు నుంచి రెండు చుట్లు ఎక్కించండి. ఇప్పుడు దానికో పిడి వచ్చినట్టే. పిడితో కన్నంలోకి దింపి, కొత్త స్పోకు మీద నాలుగు చుట్లు తిప్పాక పిడిని వెనక్కి తిప్పి తీసేయొచ్చు.

కుడి స్పోకుల మరకి ఒక చుక్క నూనె, ఎడమవైపు అవిసె నూనె. అవిసె నూనె ఆరాక జిగురులా పట్టుకుంటుంది, తక్కువ బిగువున్న ఎడమ నిపుల్స్ వాటంతట అవి వదులవకుండా ఆపుతుంది. ఈ నిపుల్స్‌కి కీ సైజు 3.23 మిల్లీమీటర్లు. సైకిల్ షాపుల్లో ఉండే గుండ్రటి పది గాళ్ళ కీ పెడితే మూలలు అరిగిపోతాయి. మర ఒక చుట్టుకి జరిగేది అర మిల్లీమీటరు లోపే, కాబట్టి చివర్లో పావు చుట్టు కూడా పెద్దదే. పావు ఎక్కువ బిగించి పావు వెనక్కి తిప్పితే స్పోకులో మెలిక మిగలదు. ఆపైన పక్కపక్కన సాగే స్పోకుల్ని జంటలుగా గట్టిగా పిసికి, మళ్ళీ బెండు చూడాలి. బిగువు మీటరు లేకపోతే చెవే మీటరు: వేలితో మీటితే ఒకే పక్కవన్నీ ఒకే శ్రుతిలో పలకాలి. ఒకటి మంద్రంగా పలికిందంటే అదే వదులు.

ఇది జరిగి అయిదు వేల కిలోమీటర్లు దాటింది. ఇత్తడి వేశాక వెనక చక్రం కీ ముఖం చూడలేదు.

హబ్బుల గురించి పాత పొగడ్త కూడా కాస్త తగ్గించుకోవాలి. కప్పూ కోనూ పద్ధతి (హబ్బులోని కప్పుకీ ఇరుసు మీది కోనుకీ మధ్య గోళీలు తిరుగుతాయి), వెనక పక్కకి తొమ్మిది చొప్పున పావు అంగుళం గోళీలు, ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి, అదంతా నిజమే. కానీ 9,000 దగ్గర విప్పితే గ్రీజు బూడిద రంగు ముద్దయింది, ఒక కోను మీద సన్నటి గుంటల వరుస. కోను మారుతుంది, కప్పు పోతే హబ్బే పోతుంది. సముద్రం పక్కన నాలుగు వేలకోసారి గ్రీజు మార్చండి. బిగించేటప్పుడు ఇరుసుకి వెంట్రుకవాసి వదులు ఉంచాలి, చక్రాన్ని ఫ్రేముకి పట్టే క్విక్ రిలీజ్ బిగించాక అది పోతుంది. ముందే వదులు లేకుండా బిగిస్తే తర్వాత గోళీలు నలుగుతాయి.

కొనాలా? 84 కిలోల మనిషికి, ఉప్పుగాలి ఊళ్ళో, రిమ్ బ్రేకు మీద, ఇత్తడి నిపుల్స్‌తో అయితే ఇదే జత మళ్ళీ. అరవై కిలోలుండి, హైదరాబాద్‌లో ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాక్ మీద తిరిగేవాళ్ళకి అల్యూమినియం నిపుల్స్ కూడా ఏళ్ళ తరబడి మాట్లాడకుండా ఉండొచ్చు, స్పోకు పొడవు సరిగ్గా పడితే. డిస్క్ బ్రేకు చక్రాల సంగతి వేరు, వాటి ముందు చక్రానికీ రెండు పక్కల బిగువు తేడా ఉంటుంది.

ముందు చక్రానికి ఇంకా అల్యూమినియంవే ఉన్నాయి. అక్కడ రెండు పక్కలా బిగువు సమానం, మీటరు మీద తొంభై కిలోల దరిదాపు, స్పోకులు గాడి అడుగుదాకా వచ్చాయి, తెల్లపొడి ఇంకా కనిపించలేదు. బ్రేకు రాసుకునే చోట అరుగుదల గుర్తు గుంట కూడా ఇంకా తెలుస్తోంది. రిమ్ము మార్చే రోజున వాటినీ మారుస్తాను. అప్పటిదాకా నెలకోసారి లైటు వేసి చూడటం, సీటు కింద సంచిలో నాలుగు ఇత్తడి నిపుల్స్.