కోనసీమ వాళ్ళకి కొబ్బరితోట చూపించారు: మెకాంగ్ డెల్టాలో కెమెరాతో

కోనసీమ నుంచి వియత్నాం వెళ్ళిన మా నలుగురికి కొబ్బరితోట చూపించి, మనిషికి 3,200 రూపాయలు పట్టుకున్న ఘనత మన జిల్లాలోని ఒక ట్రావెల్స్‌ది. కాగితం మీద "మెకాంగ్ డెల్టా, పడవల సంత, ఫొటోలకి ప్రత్యేకం, ఒక్క రోజులో" అని రాసిచ్చారు. మొదటిసారి దేశం దాటే వాళ్ళకి మ్యాపు చూసుకోవాలన్న ఆలోచన రాదుగా.

రాజమండ్రి నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి హో చి మిన్ సిటీ వరకు సాఫీగానే గడిచింది. ఈ-వీసా ఒకసారి వెళ్ళిరావడానికి 25 డాలర్లు, ఇంట్లో కూర్చుని మనమే పెట్టుకోవచ్చు. దానికి ఏజెంటు అక్కర్లేదు.

అసలు కథ మర్నాడు. ఉదయం 8 గంటలకి బస్సెక్కించారు. మీ థో అనే ఊరి రేవులో దిగేసరికి పదిన్నర. లాంచీలో లంకకి దాటించారు. అక్కడ తేనె కలిపిన టీ, నాలుగు పాటలు, కొబ్బరి మిఠాయి చేసే షెడ్డు, సన్నటి కాలవలో పావుగంట చిన్న పడవ. ఆ పక్కనే ఉన్న బెన్ త్రే వియత్నాంలో కొబ్బరికి పెట్టింది పేరు. అత్తయ్య షెడ్డు గుమ్మం దగ్గరే కూలబడి, "మా దొడ్లో గెల ఇంతకన్నా పెద్దది" అని ఇక కదల్లేదు. పడవల సంత ఏదని అడిగితే గైడు పాపం నిజమే చెప్పాడు: అది ఇక్కడ లేదు, కాన్ థో అనే ఊరు వెళ్ళాలి, అదీ తెల్లవారకముందే నీళ్ళ మీద ఉండాలి. సరిగ్గా ఇవే మజిలీలు హో చి మిన్ సిటీ వీధుల్లో బోర్డు మీద 5,50,000 డాంగ్‌లకి, అంటే సుమారు 1,850 రూపాయలకి రాసి ఉన్నాయి.

డబ్బు పోతే పోయింది, ఫొటోలకి ఆ వేళ మరీ దండగ. పదకొండు గంటల ఎండ నడినెత్తి మీద పడుతుంది. అక్కడివాళ్ళు పెట్టుకునే శంఖు ఆకారపు టోపీ నీడలో మొహం మొత్తం నల్లబడిపోతుంది. తప్పనిసరై ఆ వేళ తీయాల్సివస్తే స్పాట్ మీటరింగ్ (ఫ్రేములో ఒక్క చిన్న చోటి వెలుగునే కొలిచే పద్ధతి) పెట్టి మొహం మీద కొలవండి. లేదా ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపు, పెంచి, వెనకాల నీళ్ళు తెల్లగా పోతే పోనివ్వండి. ఎదుటివాళ్ళ ఒళ్ళో తెల్ల తువ్వాలు పరిస్తే కింది నుంచి వెలుగు తిరిగి మొహం మీద పడుతుంది.

పరువు నిలబెట్టింది కాన్ థో. హో చి మిన్ సిటీ నుంచి దాదాపు 170 కిలోమీటర్లు, బస్సులో మూడున్నర నాలుగు గంటలు. టికెట్టు 1,65,000 డాంగ్‌లు, మన 550 రూపాయలు. కనీసం రెండు రాత్రులు ఉండండి, ఒక పొద్దు మబ్బేస్తే రెండోది చేతిలో ఉంటుంది. బస నిన్ కియూ రేవుకి నడిచి వెళ్ళేంత దూరంలో చూసుకోవాలి, ఎందుకంటే నాలుగున్నరకి గది వదలాలి. మాకు దొరికిన గది కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. పడుకోవడానికే కదా అని సర్దుకున్నాం. కౌంటర్లో వాళ్ళు పడవ మాట్లాడతామంటే మాత్రం వద్దనండి. వాళ్ళు 9,00,000 చెప్పిన పడవ ముందురోజు సాయంత్రం రేవులో 5,00,000కి కుదిరింది.

పడవ మాట్లాడేటప్పుడు నాలుగు సంగతులు కాగితం మీద రాసి చూపించండి: బయల్దేరేది 5 గంటలకి, పైకప్పు లేని పడవ, మొత్తం మూడు గంటలు, సంతలో ఇంజను ఆపాలి. ఆ చివరిది రాయకపోతే సరంగు సంతని చుట్టబెట్టి పావుగంటలో నూడుల్స్ చేసే చోటికి లాక్కుపోతాడు. కై రాంగ్ సంత నిన్ కియూ నుంచి నీటి మీద 6 కిలోమీటర్లు. అయిదు నుంచి ఏడు దాకా రద్దీ, తొమ్మిదికల్లా పలచబడిపోతుంది. రోడ్లు బాగుపడ్డాక పడవలు తగ్గాయి, పాత ఫొటోల్లో కనిపించే నదినిండా పడవలు ఇప్పుడు లేవు. అందుకే వెడల్పు లెన్సుతో మొత్తం పట్టాలని చూస్తే ఖాళీ నీళ్ళే వస్తాయి. 70–200 లెన్సుతో రెండు మూడు పడవల్ని దగ్గరికి లాగి తీయండి.

ఏం తీస్తున్నామో తెలిస్తే ఫొటో మారుతుంది. ప్రతి పెద్ద పడవకీ నిలువుగా ఒక వెదురుగడ ఉంటుంది. ఆ గడకి అనాస కడితే అనాస, గుమ్మడి కడితే గుమ్మడి అమ్ముతున్నారని గుర్తు. ఉతికిన బట్టలు ఆరేస్తే అవి అమ్మకానికి కాదు, అందులోనే కాపురం. ఆకు కడితే పడవే అమ్మకానికి ఉన్నట్టు! పడవ ముక్కుకి రెండు వైపులా కళ్ళు గీసి ఉంటాయి. గడా కళ్ళూ ఒకే ఫ్రేములో పడాలంటే నిలువుగా తీయాలి, మీరు పడవలో కింద కూర్చోవాలి.

జనవరి చివర్లో అక్కడ పొద్దుపొడుపు ఆరుంబావు ప్రాంతం. అంతకుముందు చీకటి కాబట్టి లెన్సు ఎఫ్ 2.8కి బాగా తెరిచి, షట్టర్ సెకనులో 1/250 వంతు పెట్టి, ఐఎస్ఓ (కెమెరా వెలుగుకి స్పందించే తీరు) 3200 దాకా వెళ్ళక తప్పదు. వెలుగొచ్చాక షట్టర్ వేగం 1/500 కన్నా తగ్గొద్దు, మన పడవా ఎదుటి పడవా రెండూ కదులుతుంటాయి. ట్రైపాడ్ దండగ. మోచెయ్యి పడవ అంచుకి ఆనించకండి, ఇంజను అదురు నేరుగా కెమెరాలోకి ఎక్కుతుంది. నీళ్ళ మీద లెన్సు మార్చొద్దు. ఏసీ గదిలోంచి చల్లటి కెమెరా బయటికి తీస్తే గాజు మీద ఆవిరి పట్టి అరగంట పోతుంది. రాత్రే జిప్ కవర్లో పెట్టి, రేవుకొచ్చిన ఇరవై ముప్ఫై నిమిషాలకి తెరవండి. తుడిచేకొద్దీ మళ్ళీ పడుతుంది. ఇవన్నీ విమానం ఎక్కకముందే కోటిపల్లి రేవులో పంటు మీద ఒక తెల్లవారుజాము చేసి చూసుకోండి. అదే తేమ, అదే పొగమంచు, అవే కుదుపులు.

చీకట్లో చెల్లించేటప్పుడు జాగ్రత్త. 20,000 నోటూ 5,00,000 నోటూ రెండూ నీలమే. కాఫీ పడవకి పెద్ద నోటు ఇచ్చేస్తే పదిహేను వందల పైచిలుకు రూపాయలు గంగపాలు. రెండు జేబుల్లో వేరువేరుగా పెట్టుకోండి. లెక్కకి మూడు సున్నాలు తీసేసి, పదితో గుణించి మూడుతో భాగిస్తే రూపాయలు. ఆ కాఫీ 25,000, పడవ మీద వేడివేడి నూడుల్స్ గిన్నె 35,000. పక్క పడవలోంచి వంగి అందించే ఆ చెయ్యీ, గిన్నె మీద పొగా, వెనక నుంచి ఎండా – మొత్తం యాత్రలో మంచి ఫొటో అదే. శాకాహారులు "చాయ్" అనాలి, అక్కడ దాని అర్థం టీ కాదు, శాకాహారం. పలకరింపు "సిన్ చావ్". పొద్దున్నే ఆ మాటేమిటని అత్తయ్య రెండు రోజులు చెవులు మూసుకుంది. ఫొటోకి ముందు కెమెరా చూపించి తలాడించి అడిగితే చాలు, కాదంటే దించేయండి.

సామాను సంగతి. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపు అయితే ఎయిర్‌లైన్స్ అనుమతి అడగక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 74 వాట్ అవర్లు, పేచీ లేదు. మన రెండు పిన్నుల చార్జర్ అక్కడి ప్లగ్గులో పడుతుంది, మూడు పిన్నులది పట్టదు. కెమెరా గడియారం గంటన్నర ముందుకి జరపండి. ఖరీదైన బాడీ, లెన్సులు ఉంటే వెళ్ళేటప్పుడే మన కస్టమ్స్ దగ్గర సీరియల్ నంబర్లతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి, తిరిగొచ్చాక అక్కడ కొన్నారా అన్న వాదన ఉండదు. డ్రోన్ ఇంట్లో వదిలేయండి, అనుమతి లేకుండా ఎగరేయడం అక్కడ నేరం.

మూడో రోజు సా డెక్. కాన్ థో నుంచి సుమారు 50 కిలోమీటర్లు, వాళ్ళ కడియం అనుకోండి. కాకపోతే పూలకుండీలు నీళ్ళ మీద ఎత్తుగా కట్టిన మంచెల మీద ఉంటాయి, మనుషులు పడవల్లో తిరుగుతూ నీళ్ళు పోస్తారు. వాళ్ళ కొత్త సంవత్సరం టెట్ జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య వస్తుంది. దానికి రెండు వారాల ముందు వెళ్తే తోటలు నిండుగా ఉంటాయి, పండగ దగ్గరపడ్డాక కుండీలన్నీ సంతకి వెళ్ళిపోతాయి. పండగ రోజుల్లో కై రాంగ్ కూడా ఖాళీ. అందుకే ఆ ఏడాది టెట్ ఎప్పుడో చూసుకుని బయల్దేరండి. అత్తయ్య అక్కడ మాత్రం మాకన్నా ముందు పడవెక్కింది.