నీళ్ళు తేటగా ఉంటే చాలదు: గోల్డ్‌ఫిష్ తొట్టికి మూడేళ్ళుగా వాడుతున్న టెస్ట్ కిట్

మాది నల్లగొండ, ఇంట్లో సొంత బోరు ఉంది. నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, నాలుగడుగుల తొట్టి, నిండితే సుమారు 220 లీటర్లు. నీళ్ళు పరీక్షించే లిక్విడ్ కిట్ కొని మూడేళ్ళు దాటింది, ఇప్పుడు వాడుతున్నది రెండోది. పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ నాలుగూ చూసుకోవచ్చు. రెండు వేల పైనే అయింది, చేపల కన్నా దీని ఖరీదే ఎక్కువ. అయినా ముందే కొని ఉంటే నా రెండు చేపలు బతికేవి.

అప్పట్లో నెలకోసారి చేపల్ని బకెట్‌లోకి తీసి, తొట్టి మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్ళు, ఫిల్టర్ స్పాంజి అన్నీ కుళాయి కింద రుద్ది కడిగి కొత్త నీళ్ళు నింపేవాణ్ణి. ఒకసారి అలా కడిగిన వారానికే రెండు చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తూ గాలి కోసం కొట్టుకున్నాయి, మొప్పలు ఎర్రగా కమిలిపోయాయి, మూడో రోజుకు చచ్చిపోయాయి. వాటిని జామచెట్టు కింద పూడ్చిన రోజే కిట్ ఆర్డర్ పెట్టాను.

మొదటి పరీక్ష ఇప్పటికీ గుర్తుంది. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, చుక్కలు వేసి, ఐదు నిమిషాలు ఆగాలి. అమ్మోనియా లేకపోతే పసుపు రంగులోనే ఉంటుంది. నాది చూస్తుండగానే చిగురాకు రంగు దాటి ముదురాకుపచ్చలోకి పోయింది. సగం నీళ్ళు తీసేద్దామని పైపు పెడుతుంటే అమ్మ వచ్చి "నీళ్ళు అద్దం లెక్క ఉన్నయి గదరా, ఎందుకు పారబోస్తున్నవ్?" అంది. గొట్టం చూపించాను.

చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజిలో, రాళ్ళ మీద ఉంటుంది, అది సరిగ్గా పట్టుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను ప్రతి నెలా దాన్నే కడిగి పారేస్తున్నానన్నమాట. పైగా మా బోరు నీళ్ళ పీహెచ్ 8 పైనే. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా ఇంకా విషమవుతుంది, మే నెలలో మన దగ్గర ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

కిట్ వల్ల జరిగిన అసలు మేలు మాత్రం ఇంకోటి. ఎన్నిసార్లు నీళ్ళు మార్చినా నైట్రేట్ తగ్గడం లేదు, విసుగొచ్చి ఒకరోజు నేరుగా బోరు నీళ్ళనే పరీక్షిస్తే అందులోనే లీటరుకు 40 మిల్లీగ్రాములు చూపించింది! అందుకే మిషన్ భగీరథ నల్లా నీళ్ళకు మారాను. వాటిలో క్లోరిన్ ఉంటుంది, అది మొప్పల్నీ బ్యాక్టీరియానీ రెండింటినీ దెబ్బతీస్తుంది. డ్రమ్ములో పట్టి, సోడియం థయోసల్ఫేట్ ఉన్న యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, రాత్రంతా ఎయిర్ పంపు పెట్టి, పొద్దున్నే వాడతాను. మేడమీది ట్యాంకు నీళ్ళు ఎండాకాలంలో నేరుగా పోయకండి, కాగి ఉంటాయి. ఒట్టి ఆర్వో నీళ్ళూ వద్దు, ఖనిజాలు పోయి పీహెచ్ నిలవదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం సగం నీళ్ళు సైఫన్ పైపుతో అడుగు మురికితో సహా తీస్తాను, స్పాంజిని ఆ తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండుతాను, అంతే. నైట్రేట్ 20 దాటడం లేదు. మిగిలిన రెండు చేపలు ఏడాదంతా బొటనవేలంతే ఉన్నవి, ఏడాదిన్నరలో తోక కాకుండానే నా అరచేతి పొడవు వచ్చాయి. తొట్టి అదే, మేత అదే, మారింది నీళ్ళే. తర్వాత తెచ్చిన రెండూ అలాగే ఎదుగుతున్నాయి.

లోపాలు లేకపోలేదు. నైట్రేట్ రెండో సీసాను అర నిమిషం గట్టిగా కుదపకపోతే అబద్ధపు అంకె వస్తుంది, నేను రెండు నెలలు అలాగే మోసపోయాను. ట్యూబ్‌లైట్ కింద రంగులు పోల్చలేం, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడాలి. నల్లగొండ వాళ్ళం కాబట్టి నేను మొదట వెతికింది ఫ్లోరైడే, అది ఈ కిట్‌లో లేదు. కొనేటప్పుడు సీసాల మీద గడువు తేదీ చూసుకోండి, నాకు వచ్చిన రెండో కిట్‌లో ఒక సీసాకు ఐదు నెలలే మిగిలి ఉంటే తిప్పి పంపి మార్పించుకున్నాను.