రట్లండ్: పేరు వదులుకోని కౌంటీ

లండన్, స్టోన్‌హెంజ్, లేక్ డిస్ట్రిక్ట్ చూసేశాం, ఇంకెక్కడికి వెళ్దామని ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లు అడిగితే నేను రట్లండ్ పేరు చెబుతాను. చాలామంది ఆ పేరే విని ఉండరు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఇంగ్లండ్ చారిత్రక కౌంటీలన్నింటిలోకీ చిన్నది అదే. విస్తీర్ణం సుమారు 382 చదరపు కిలోమీటర్లు, 2021 లెక్కల ప్రకారం జనాభా 41 వేలు. విస్తీర్ణంలో మన దగ్గర రెండు మండలాలు కలిపితే అంత. పట్టణాలు కూడా రెండే, ఓకమ్, అప్పింగమ్. మిగతాదంతా సున్నపురాతి ఇళ్ల పల్లెలు, గోధుమ చేలు, గొర్రెలు మేసే పచ్చిక మెట్టలు.

ఇంత చిన్న కౌంటీ ఎందుకని ప్రభుత్వాలకు ఎప్పటినుంచో అనిపిస్తూనే ఉంది. 1960లలో పక్క కౌంటీలో కలపాలని చూస్తే జనం గట్టిగా ఎదురుతిరిగి ఆపించుకున్నారు. 1974లో మాత్రం ఆగలేదు, లెస్టర్‌షైర్‌లో ఒక భాగం చేసేశారు. ఇరవై మూడేళ్ల తర్వాత, 1997 ఏప్రిల్ 1న రట్లండ్‌కు సొంత కౌన్సిల్ తిరిగి వచ్చింది. కొత్త జిల్లాల గీతలు ఎన్ని గొడవలు తెస్తాయో చూసినవాళ్లం కాబట్టి వాళ్ల పట్టుదల మనకు సులభంగానే అర్థమవుతుంది. మేము దిగిన ఇంటి యజమానురాలు పెద్దావిడ. ఏ ఊరమ్మా మీదని అడిగితే ఊరి పేరు కాదు, ముందు కౌంటీ పేరే చెప్పారు.

కౌంటీ మొత్తానికి రైల్వే స్టేషన్ ఒక్కటే, ఓకమ్‌లో. బర్మింగ్‌హమ్ నుంచి లెస్టర్, పీటర్‌బరో మీదుగా స్టాన్‌స్టెడ్ విమానాశ్రయానికి వెళ్లే రైళ్లు అక్కడ ఆగుతాయి. లండన్ నుంచైతే కింగ్స్ క్రాస్‌లో ఎక్కి పీటర్‌బరోలో మారాలి. లెస్టర్ నుంచి అరగంట కూడా పట్టదు. స్టేషన్ నుంచి బజారు కూడలి నడిచే దూరం. ఆ కూడలిలో పాత చెక్క మండపం, దాని కింద నేరస్థుల కాళ్లు బిగించే కొయ్య ఉన్నాయి. ఆ కొయ్యకు ఐదు రంధ్రాలు. ఐదే ఎందుకని మా పిల్లలు అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

ఆ పక్కనే ఓకమ్ కోట. కోట అంటే బురుజులు, కందకం ఊహించుకోవద్దు. మిగిలింది 1180ల నాటి పెద్ద హాలు ఒక్కటే, వాకెలిన్ డి ఫెరర్స్ అనే ప్రభువు కట్టించినది. ప్రవేశం ఉచితం. లోపల గోడలనిండా గుర్రపు నాడాలు. ప్రభువంశీకులు ఎవరైనా తొలిసారి ఈ ఊరికి వస్తే ఒక నాడా సమర్పించుకోవాలని ఆచారం. ఇప్పటికి రెండు వందలు దాటాయి. అరచేతిలో పట్టేవి ఉన్నాయి, మనిషి నడుము ఎత్తున కిరీటం గుర్తుతో, రంగులద్దినవీ ఉన్నాయి. అన్నింటి కొసలూ కిందికే. అన్నింటికంటే పాతది నాలుగో ఎడ్వర్డ్ రాజు 1470 ప్రాంతంలో ఇచ్చినదట. ఆ ఏడాదే ఇక్కడికి దగ్గర్లోని ఎంపింగమ్ వద్ద ఆయన తిరుగుబాటుదారులను ఓడించాడు. గోడ మీది నాడాకూ, ఆ పొలాల్లో జరిగిన యుద్ధానికీ ఉన్న సంబంధం అక్కడి సిబ్బంది ఎంతో ఓపికగా, ఇష్టంగా వివరించారు. డబ్బు పెట్టి చూసిన ఎన్నో కోటల్లో ఇంత ఆదరంగా మాట్లాడినవాళ్లు తక్కువ. కౌంటీ మ్యూజియం కూడా దగ్గరే, అదీ ఉచితమే. పాత నాగళ్లు, బండ్లు, పొలం పనిముట్లు ఉంటాయి. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు తీరిగ్గా చూడాలి.

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది మాత్రం రట్లండ్ వాటర్‌కు. గ్వాష్ అనే చిన్న నది మీద 1970లలో ఆనకట్ట కట్టి నింపిన జలాశయం ఇది. గ్వాష్ నీళ్లు చాలవు కాబట్టి వెలండ్, నెన్ నదుల నుంచి పంపులతో తోడిపోస్తారు. పీటర్‌బరో, నార్తాంప్టన్ లాంటి పట్టణాల దాహం తీర్చడానికి ఈ లోయ మునిగింది. నెదర్ హాంబల్టన్ ఊరు పూర్తిగా పోయింది, మిడిల్ హాంబల్టన్ దాదాపు పోయింది. మెట్ట మీద ఉన్న అప్పర్ హాంబల్టన్ మూడు వైపులా నీళ్లతో మిగిలింది. నీటి అంచున 17వ శతాబ్దపు ఓల్డ్ హాల్ ఇప్పటికీ నిలబడి ఉంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ ముంపు ఊళ్ల కథలు వింటూ పెరిగిన వాళ్లు ఈ నీళ్లను వట్టి అందంగా చూడలేరు. నేను చూడలేకపోయాను.

మొదట ఈ జలాశయానికి ఎంపింగమ్ పేరే పెట్టారు. కౌంటీ పోయింది, కనీసం నీళ్లకైనా రట్లండ్ పేరు ఉండాలని జనం పట్టుబట్టి 1976లో మార్పించుకున్నారు. పొలాలు మింగిన నీటికి తమ పేరే పెట్టుకున్న ఆ మనుషుల మీద నాకు ఎంతో గౌరవం కలిగింది.

ఒడ్డునున్న నార్మంటన్ చర్చిని మాత్రం కాపాడారు. సగం ఎత్తు వరకు లోపల రాళ్లు నింపి నేలను పైకి లేపారు, చుట్టూ రాతికట్ట వేసి ఒడ్డుతో కలిపారు. అందుకే గోపురం పొడుగ్గా, కింది భాగం పొట్టిగా, నీళ్లలో నడుము దాకా దిగినట్టు కనిపిస్తుంది. పెళ్లిళ్లకు అద్దెకిస్తారు కాబట్టి లోపలికి వెళ్లే వీలు ఉందో లేదో ముందే కనుక్కోండి. పెద్దవాళ్లతో వెళ్తే సైక్స్ లేన్ దగ్గర కారు ఆపి, ఆనకట్ట మీదుగా ఇక్కడికి నడవండి. దారి చదునుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా హాయిగా నడిచింది. సైకిళ్లు విట్‌వెల్‌లో, నార్మంటన్‌లో అద్దెకు దొరుకుతాయి. హాంబల్టన్‌తో కలిపి పూర్తి చుట్టు 37 కిలోమీటర్లు, పిల్లలకు అది ఎక్కువే. హాంబల్టన్ చుట్టు ఒక్కటే అయితే 11 కిలోమీటర్లు, కానీ ఎగుడుదిగుళ్లు ఉన్నాయి.

దక్షిణపు ఒడ్డున లిండన్ పక్షి కేంద్రం ఉంది. దీనికి టికెట్ ఉన్నా వదులుకోవద్దు. ఆస్ప్రేలు, అంటే మన కొరమీను గద్దలు, ఇంగ్లండ్‌లో అంతరించిపోతే 1996 నుంచి స్కాట్లండ్ నుంచి వాటి పిల్లలను తెచ్చి ఇక్కడ పెంచి వదిలారు. 2001లో తొలి జంట పిల్లలను పొదిగింది. మాంటన్ బే గూడును చెక్కగది కిటికీలోంచి చూశాం. మగపక్షి చేపను గోళ్లతో పొడవు వారగా పట్టుకొచ్చి, తల భాగం తాను తిని, మిగిలింది గూట్లో పెట్టింది. పక్కనున్న స్వచ్ఛంద కార్యకర్త టెలిస్కోపు మా అబ్బాయి ఎత్తుకు సరిచేసి ఇచ్చారు. మార్చి చివర వచ్చి ఆగస్టు, సెప్టెంబరుల్లో పశ్చిమాఫ్రికాకు వెళ్లిపోతాయి కాబట్టి ఆ మధ్యలోనే వెళ్లాలి.

బస విషయానికి వస్తే, కారు లేనివాళ్లు ఓకమ్ కూడలి దగ్గరే ఉండాలి. మేము మొదట సరస్సు పక్కన ఒక హోటల్లో దిగాం. కిటికీలోంచి నీళ్లు కనిపిస్తాయన్న పేరుకు బాగా ఎక్కువ తీసుకున్నారు, శాకాహారానికి ఆమ్లెట్ చూపించారు. తర్వాత ఓకమ్‌లో పెద్దావిడ ఇంటికి మారాం. ముందు రోజే చెబితే పొద్దున్నే పుట్టగొడుగులు, టమాటాలు, బీన్స్ వేడివేడిగా పెట్టారు. హాంబల్టన్ హాల్ పాత వేట బంగళా, మేటి వంటకు ఇచ్చే మిషెలిన్ తారను 1982 నుంచి నిలబెట్టుకుంటున్న హోటల్. రాత్రి బస మన సంసారాలకు భారమే. మధ్యాహ్నం టీకి వెళ్తే ఆ తోట, ఆ సరస్సు రెండూ దక్కుతాయి. భోజనానికి ఊరగాయ, పెరుగన్నం వెంట ఉంచుకోండి, లేదా వచ్చేటప్పుడు లెస్టర్‌లో మన దుకాణాలుండే బెల్‌గ్రేవ్ రోడ్డులో అన్నీ కొనుక్కోండి. బస్సుల్లో డ్రైవర్లు మర్యాదస్తులు, పల్లెల్లో మాత్రం సర్వీసులు బాగా తక్కువ. ఆదివారం నాడు వాటిని నమ్ముకోవద్దు.

అప్పింగమ్‌కు ఒక పూట చాలు. శుక్రవారం సంత రోజున వెళ్లండి. ఇక్కడి స్కూలూ ఓకమ్ స్కూలూ 1584లో ఒకే మనిషి, రాబర్ట్ జాన్సన్, స్థాపించినవే. 1875లో టైఫాయిడ్ వస్తే ఊరి మురుగు బాగుచేయడంలో తాత్సారం జరుగుతోందని హెడ్‌మాస్టర్ ఎడ్వర్డ్ థ్రింగ్ మరుసటి ఏడాది స్కూలు మొత్తాన్ని వేల్స్ సముద్రతీరంలోని బోర్త్‌కు తరలించాడు. పిల్లలు లేక వ్యాపారాలు పడిపోయాకగానీ పనులు జోరందుకోలేదు. కారు ఉంటే తిరుగు దారిలో సీటన్ వైపు వెళ్లి వెలండ్ లోయ రైలు వంతెన చూడండి. 1878లో పూర్తయింది, 82 తోరణాలు, కిలోమీటరుకు పైగా పొడవు. రోడ్డు పక్కన ఆపే చోటు ఇరుకు, ఒకటి రెండు కార్లకంటే పట్టవు.