పికిల్ అని వెతికేవాళ్లందరికీ ఆవకాయ కావాలని కాదు

నేను ఇంగ్లీషులో వంటల పుస్తకాలు రాసి, రచయితలే పుస్తకాలు వేసుకోవడానికి అమెజాన్ పెట్టిన కేడీపీలో సొంతంగా వేసుకుంటాను. ఇప్పటికి మూడు వచ్చాయి. కొనేవాళ్లలో ఎక్కువమంది అమెరికాలో, నేను కూకట్‌పల్లిలో. వాళ్లకేం కావాలో ఇక్కడ కూర్చుని కనిపెట్టడానికి 2021 నుంచి మార్కెట్ రీసెర్చ్ టూల్స్ మీద బాగానే ఖర్చుపెట్టాను. కొత్తగా దిగేవాళ్లు అడుగుతున్నారు కాబట్టి ఏది మిగిలిందో, ఏది తీసేశానో చెప్తాను.

మొదట కొన్నది పబ్లిషర్ రాకెట్. అప్పుడు 97 డాలర్లు, అంటే ఏడు వేల పైచిలుకు. ఒకసారి కడితే సరి, నెలనెలా చందా లేదు. ఒక మాట కొడితే దానికి దగ్గరి కీవర్డులన్నీ, అంటే కొనేవాళ్లు వెతికే మాటలన్నీ వస్తాయి. ఒక్కోదాన్నీ అమెజాన్‌లో నెలకు సుమారు ఎంతమంది వెతుకుతున్నారు, అక్కడ కనబడే పుస్తకాలు సుమారు ఎంత సంపాదిస్తున్నాయి, పోటీ వందకు ఎంత అన్నవి పక్కనే ఉంటాయి. ఆ అంకెలు చూడగానే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. కొంప ముంచింది ఆ ధైర్యమే. తప్పు టూల్‌ది కాదు, నాదే.

నా మొదటి పుస్తకం ఆంధ్ర పచ్చళ్ల మీద. 'ఆంధ్ర పికిల్' అని కొడితే అంకె వందలోపే చూపించింది. 'పిక్లింగ్ కుక్‌బుక్' లాంటి మాటలకు దానికి ఎన్నో రెట్లు. కేడీపీ కీవర్డులకు ఏడు పెట్టెలిస్తుంది, ఒక్కో దాంట్లో 50 అక్షరాలు పడతాయి. పెద్ద అంకెలున్న మాటలన్నీ తెచ్చి ఆ ఏడింటిలో కుక్కేశాను. నిల్వ పచ్చళ్లే కదా అని 'క్యానింగ్ అండ్ ప్రిజర్వింగ్' (సీసాల్ని మరిగించి నిల్వచేసే పద్ధతులు) కేటగిరీలో కూడా పెట్టాను.

రెండు వారాలు బాగానే అమ్ముడుపోయింది. తర్వాత రివ్యూలు మొదలయ్యాయి. వెనిగర్ ఏదీ అని ఒకావిడ. ఇంత నూనె, ఇంత ఉప్పు ఎవరు తింటారని ఇంకొకాయన. సీసాల్ని మరిగే నీళ్లలో ఎన్ని నిమిషాలుంచాలో రాయలేదని మరొకరు ఒక్క స్టారిచ్చి పోయారు. అక్కడ పికిల్ అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది వెనిగర్లోనో ఉప్పునీళ్లలోనో ఊరిన దోసకాయ. దానికోసం వచ్చినవాళ్ల ముందు నేను మాగాయ, గోంగూర, పండుమిర్చి పెట్టాను. కోప్పడరా మరి?

ఆ దెబ్బతో పెద్ద అంకెల మీద మోజు తీరిపోయింది. అమెజాన్ యాడ్స్‌లో రోజుకు మూడు డాలర్లతో ఆటోమేటిక్ టార్గెటింగ్ యాడ్ ఒకటి పెట్టాను. యాడ్ ఎవరికి చూపించాలో అందులో అమెజానే చూసుకుంటుంది. నెలాఖరుకు సెర్చ్ టర్మ్ రిపోర్టు దించుకున్నాను. జనం ఏ మాట కొట్టి నా యాడ్ మీద క్లిక్ చేశారు, వాళ్లలో ఎంతమంది కొన్నారు అన్నది వరసగా ఉంటుంది. ఇది అంచనా కాదు, నా డబ్బు ఖర్చయిన లెక్క. కొన్ని వరసల్లో మాటలుండవు, పది అక్షరాల కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌తో వెతికితే ఏ పుస్తకం పేజీలో నా యాడ్ కనబడిందో తెలుస్తుంది. అలా దొరికిన పుస్తకాల మూడు స్టార్ల రివ్యూలన్నీ కూర్చుని చదివాను. మెచ్చుకున్నవాళ్లూ తిట్టినవాళ్లూ చెప్పనిది ఆ మధ్యవాళ్లు చెప్తారు: కొలతలు కప్పుల్లో లేవు, ఆవపిండి ఎక్కడ కొనాలో చెప్పలేదు, ఫోటోలు లేవు. నా రెండో పుస్తకం విషయసూచిక దాదాపుగా అక్కడే తయారైంది.

మొదటి నెల రిపోర్టులో క్లిక్కులు ఎక్కువ వచ్చిన మాట ఏంటో తెలుసా? పికిల్‌బాల్! బ్యాటూ బంతీ ఆట. ఆ ఆట నేర్చుకునే పుస్తకాల కోసం వచ్చినవాళ్లు మా పచ్చడి జాడీ అట్ట చూసి ఎందుకు నొక్కారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. వెంటనే దాన్ని నెగటివ్ కీవర్డుల్లో, అంటే యాడ్ చూపించొద్దని చెప్పే మాటల్లో పడేశాను. 'గోంగూర' అని కొట్టినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లలో సగానికి సగం కొన్నారు.

అలాగని రాకెట్ మూలపడలేదు. ఇప్పుడు దాన్ని కేటగిరీల కోసం వాడుతున్నాను. ఇంతకుముందు కేడీపీలో రెండు కేటగిరీలు పెట్టి, మెయిల్ రాసి పది దాకా పెంచుకునేవాళ్లం. 2023లో మూడే అన్నారు, మెయిల్ దారి మూసేశారు. ఉన్న మూడింటిలో ఒకటి వృథా అయినా నష్టమే. ఫలానా కేటగిరీలో మొదటి స్థానానికి రోజుకు సుమారు ఎన్ని కాపీలు అమ్మాలో అందులో కనబడుతుంది కాబట్టి మనవల్ల కానిదాని జోలికి పోకుండా ఉండొచ్చు. కీవర్డుల అంకెల్ని మాత్రం ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చుకోవడానికే చూస్తాను.

నెలనెలా చందా కట్టించుకునే టూల్ ఇంకొకటి ఐదు నెలలు వాడాను, పేరు వద్దులెండి. అమెజాన్ ఇచ్చే ర్యాంకును బట్టి ఏ పుస్తకం ఎన్ని కాపీలు అమ్ముడైందో చెప్తానంటుంది. సరే అని నా పుస్తకమే పెట్టి చూశాను. అది చెప్పింది 60కి పైన. నా కేడీపీ రిపోర్టులో 34. ర్యాంకులో అమ్మకాలతో పాటు కిండిల్ అన్‌లిమిటెడ్ చందా కట్టి అందులో తీసుకుని చదివేవాళ్లు కూడా లెక్కకొస్తారు కాబట్టి బయటినుంచి విడదీసి చెప్పడం కష్టమే. అయినా నెలకు రెండు వేలకు పైగా కట్టి, రెట్టింపు చేసిన జోస్యం వినడం దేనికి? మానేశాను.

ర్యాంకు విషయంలో కీపా అనే టూల్ నయం. ఇవాళ ఒక్కరోజు ర్యాంకు కాకుండా నెలల తరబడి గ్రాఫు చూపిస్తుంది. ఆఫర్ పెట్టిన మూడు రోజులు పైకి లేచి మళ్లీ పడిపోయిన పుస్తకాన్ని చూసి, అదే మార్కెట్ అనుకుని మోసపోయే టెన్షన్ ఉండదు.

ఉచితంగా దొరికేవాటిలో అమెజాన్ సెర్చ్ పెట్టె ముందు. ఇన్‌కాగ్నిటోలో తెరిచి, కిండిల్ స్టోర్ ఎంచుకుని, మాట కొట్టి ఆగితే అదే సలహాలిస్తుంది. గూగుల్ ట్రెండ్స్ నాకు సీజన్ చూసుకోవడానికి తప్ప పెద్దగా అక్కరకు రాలేదు. అందులో కనబడేది సున్నా నుంచి వంద దాకా ఉండే పోలికే తప్ప ఎంతమంది వెతికారన్న సంఖ్య కాదు. మన ఊరగాయల పేర్ల లాంటి చిన్న మాటలకు చాలాసార్లు సరిపడా డేటా లేదనే వస్తుంది.

మా బావగారు తెలుగులో కథలు రాస్తారు. సంక్రాంతికి వచ్చినప్పుడు, "నీ దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ ఉందటగా, నా కథలకు కూడా కీవర్డులు చూసిపెట్టు" అన్నారు. తెలుగు కథలకు ఇవేవీ పనికిరావు బావగారూ అని చెప్పాల్సి వచ్చింది. 2016 చివర్లో కేడీపీ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తీసుకుంది. ఆ ఐదింటిలో మన భాష లేదు. చివరికి ఇద్దరం కాచిగూడ నవోదయ పుస్తకాల షాపుకు వెళ్లాం. జనం ఏ అరల దగ్గర ఆగుతున్నారో, ఏ పుస్తకం తీసి, వెల చూసి, మళ్లీ పెట్టేస్తున్నారో గంటసేపు చూశాం. ఆయన జేబులో చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. ఏంటని అడిగితే, "వెల నూట యాభై దాటకూడదు" అన్నారు.